ఇంటి మీద సోలార్ ఉంది, అయినా రెండు రాత్రులు చీకట్లోనే ఉన్నాం

ప్రశ్న: ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే కరెంటు స్తంభాలతో, లైన్‌మన్‌తో, బిల్లుతో ఇక పని తీరిపోయినట్టేనా?

తీరదు. ఇంకా పెరుగుతుంది. ఈ మాట ఎక్కడో చదివి చెప్పడం లేదు. మా గిర్ని ముందు కూర్చుని రెండు రోజుల పాటు ఊరందరి చేత మాటలు పడి చెబుతున్నాను.

మాది నర్సంపేట వైపు ఒక ఊరు. ఇరవై ఏళ్లకు పైగా పిండి గిర్ని నడుపుతున్నాను. ఏడాదంతా జొన్నలు, బియ్యం, శనగపప్పు వస్తూనే ఉంటాయి కానీ నాకు నాలుగు రాళ్లు మిగిలేది ఎండాకాలం మొదట్లో, కారం పట్టించే రోజుల్లోనే. ఘాటు కావాలన్నవాళ్లు తేజ కాయ తెస్తారు, రంగు కావాలన్నవాళ్లు చపాటా తెస్తారు, తెలివైనవాళ్లు రెండూ కలిపి తెస్తారు. ఆ నెలన్నర మోటరు ఆగితే నా గుండె ఆగినట్టే.

2024 ఫిబ్రవరిలో కేంద్రం సూర్యఘర్ పథకం ప్రకటించినప్పుడు మా ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల రూపాయల రాయితీ. కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, అంటే నెలకు మూడు వందల యాభై దాకా. మా ఇంట్లో ఫ్రిజ్, కూలర్, మా అబ్బాయి పట్టుబట్టి పెట్టించిన ఏసీ ఉన్నాయి కాబట్టి గృహజ్యోతి పథకం కింద రాష్ట్రం ఇచ్చే రెండు వందల యూనిట్ల లోపు సున్నా బిల్లు మాకు అందని పండే. హనుమకొండ నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. కంపెనీ పేరు ఎందుకులెండి, వాళ్లంతా ఒకే మాట చెబుతారు. డాబా కొలిచి, టీ తాగి, "ఇక మీ ఇంట్లో కరెంటు పోవడం అనేదే ఉండదు సార్" అన్నాడు. నేను నమ్మాను. రెండు లక్షల దగ్గర ఖర్చు పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి నమ్మడానికి కూడా సిద్ధపడే ఉంటాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలివాన పట్టుకుంది. మా వైపు ఏప్రిల్ గాలివాన ఎలా ఉంటుందో మామిడి తోట ఉన్నవాళ్లను అడగండి. పావుగంటలో పశువుల కొట్టాల రేకులు లేచిపోయాయి, కాయలన్నీ నేలపాలయ్యాయి. గిర్ని పక్కన ఉన్న నిద్రగన్నేరు కొమ్మ ఒకటి విరిగి 11 కేవీ, అంటే పదకొండు వేల ఓల్టుల లైను మీద పడింది. పడ్డది కొమ్మే అయినా దాని బరువుకు రెండు స్తంభాలు ఒరిగాయి. ఊరు చీకటైంది. నేను మాత్రం లోపల కాస్త సంతోషించాను. తెల్లవారితే చూడండి మా ఇంటి సంగతి అనుకున్నాను.

తెల్లవారింది. వాన కడిగిన ఆకాశం, కళ్లు చెదిరే ఎండ. ప్యానెళ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. కింద, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ పెట్టె మీద ఎర్ర దీపం. ఫ్యాను తిరగలేదు, ఫ్రిజ్ మూలగలేదు, ట్యాంకులోకి నీళ్లు ఎక్కలేదు. బ్రేకరు దించి ఎత్తాను. మళ్లీ దించి ఎత్తాను. ఎర్ర దీపం కదల్లేదు. కుర్రవాడికి ఫోను చేస్తే, "అది అంతే సార్, గ్రిడ్, అంటే బయటి లైనులో కరెంటు ఉంటేనే పని చేస్తుంది" అన్నాడు, చల్లగా, నాకు ముందే చెప్పినట్టు.

ఎనిమిది కొట్టేసరికి ఫోన్ ఛార్జర్లు పట్టుకుని జనం వచ్చారు. పది మందికి తక్కువ లేరు. వెనక వీధి అవ్వ మూడు కిలోల మిరపకాయలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. "బిడ్డా, నీకు సూర్యుని కరెంటు ఉందట కదా, ఈ కాస్త కారం పట్టిపెట్టు, ఎల్లుండి మనవరాలు ఊరికి పోతుంది" అంది. గ్రిడ్ లేనిదే సూర్యుడు పని చేయడని ఆమెకు ఎలా చెప్పాలి? చెప్పాను. ఆమె ఒకసారి పైకి చూసింది, ఎండ కళ్లలో పడి చేయి అడ్డం పెట్టుకుంది, ఒకసారి నా ముఖం చూసింది, మూట అక్కడే దించి వెళ్లిపోయింది. అసలు ప్యానెళ్లు పని చేసినా నా గిర్ని తిరిగేది కాదు. గిర్ని మోటరు పది హార్స్‌పవర్, అంటే ఏడున్నర కిలోవాట్లు. డాబా మీద ఉన్నవి మూడు. గిర్ని మీటరు కూడా వేరు. ఈ లెక్క డబ్బు కట్టకముందు వేసుకోవలసింది.

ఆ రోజు రాలేదు ఎవరూ. మండలంలో చాలా ఊళ్లది అదే పరిస్థితి. రెండో రోజు మధ్యాహ్నం లైన్‌మన్, ఇద్దరు హెల్పర్లు, స్తంభాలు వేసుకున్న ట్రాక్టరు వచ్చాయి. ఆ మనిషి కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేదని తెలుస్తూనే ఉంది. నేను అది పట్టించుకోకుండా నా ఇన్వర్టర్ బాధ మొదలుపెట్టాను. "తమ్ముడూ, ఎండ ఇంత కాస్తుంటే నా ఇంటి కరెంటు నాకు రాకపోవడం ఏం న్యాయం?" అన్నాను.

అతను నడుముకు బెల్టు బిగించుకుంటూ చెప్పిన మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "అన్నా, నేను లైనును విడదీసే ఏబీ స్విచ్ తీసి, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైను ఆపామన్న లైన్ క్లియర్ తీసుకుని, తీగకు ఎర్తు వేసిన తర్వాతే దాని మీద చేయి పెడతాను. అటు నుంచి కరెంటు రాదని నాకు తెలుసు. ఇటు నీ ఇంటి నుంచి వస్తే?"

"మా ఇంట్లో రెండు వందల ముప్పై ఓల్టులే కదా."

"ట్రాన్స్‌ఫార్మర్‌కు అటూ ఇటూ తెలియదన్నా. పదకొండు వేలను నీ ఇంటికి దించే పెట్టే, నీ ఇంటి కరెంటు వెనక్కి పోతే పదకొండు వేలకు ఎత్తుతుంది. నువ్వు ఇంట్లో ఫ్యాను కింద ఉంటావు, నేను స్తంభం మీద ఉంటాను."

అదీ సంగతి. గ్రిడ్ ఓల్టేజీ కనబడకపోతే రెండు సెకన్లలోపే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి. అది లోపం కాదు, స్తంభం మీది మనిషి ప్రాణానికి కట్టిన తాయెత్తు. ఇది చెప్పడానికి ఆ కంపెనీ కుర్రవాడికి ఒక్క నిమిషం పట్టేది. చెప్పలేదు. పెళ్లి ఇంట్లో జనరేటరు తెచ్చి, మెయిన్ దించకుండానే ఇంటి లైనుకు తగిలించే మహానుభావులు మా మండలంలో ఇప్పటికీ ఉన్నారు. ఇన్వర్టర్‌కు ఉన్న బుద్ధి జనరేటరుకు లేదు, దాన్ని తగిలించేవాడికీ లేదు.

ఇంకో సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను కానీ చెబుతాను. ఆ నిద్రగన్నేరు నాదే. కొమ్మలు తీగల మీదికి వస్తున్నాయని అదే లైన్‌మన్ అంతకు ముందు రెండుసార్లు కొట్టేస్తానన్నాడు. గిర్నికి వచ్చేవాళ్లు కూర్చునే నీడ అని నేనే అడ్డుపడ్డాను. ఒకసారి కాస్త గట్టిగానే మాట్లాడాను. అతను స్తంభం మీద ఉన్నంతసేపు ఆ విషయం ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఒకప్పుడు కరెంటు సబ్‌స్టేషన్ నుంచి ఇంటికి ఒకే దారిన వచ్చేది. ఇప్పుడు ఇంటి నుంచి కూడా బయలుదేరుతోంది. మా వీధిలో నాలుగు ఇళ్ల మీద ప్యానెళ్లు ఉన్నాయి. మధ్యాహ్నం అందరూ పొలాల్లో, పనుల్లో ఉంటారు, వాడేవాళ్లు ఉండరు. అప్పుడు వీధి చివర ఓల్టేజీ పెరిగిపోయి ఇన్వర్టర్లు ఆగిపోతాయి. పాతికేళ్లుగా లో ఓల్టేజీ అని ఏడ్చినవాళ్లం, ఇప్పుడు ఎక్కువైందని ఏడుస్తున్నాం. దీనికి మందు ప్యానెల్‌లో లేదు. మందమైన తీగలో, సరైన ట్రాన్స్‌ఫార్మర్‌లో, దాన్ని చూసుకునే మనిషిలో ఉంది. సోలార్ గురించి మాట్లాడేవాళ్లంతా ప్యానెల్ ఫొటో పెడతారు. ట్రాన్స్‌ఫార్మర్ ఫొటో పెట్టినవాడిని ఒక్కడిని చూపించండి.

బీదవాళ్ల ఇళ్ల మీదికి సోలార్ ఎందుకు రావడం లేదని కొందరు ఆశ్చర్యపోతుంటారు. నాకేమీ ఆశ్చర్యం లేదు. 2024 నుంచి గృహజ్యోతి కింద రెండు వందల యూనిట్ల దాకా సున్నా బిల్లు. సున్నా నుంచి ఇంకేం తగ్గిస్తారు? బిల్లు కట్టేవాడు ప్యానెళ్లు పెట్టుకుని బిల్లు తగ్గించుకుంటాడు. అప్పుడు స్తంభాలకు, తీగలకు డబ్బు కట్టేవాళ్లు తగ్గుతారు. నేనూ వాళ్లలో ఒకడినే. ఇంటి మీటరుకు ఇప్పుడు నేను కట్టేది చాలా తక్కువ. కానీ రాత్రి ఏడు గంటలకు ఏసీ వేసేది ఊరి తీగ మీదే. సున్నా బిల్లు వచ్చే ఇళ్ల మీద పంపిణీ సంస్థలే ప్యానెళ్లు పెట్టి, ఆ కరెంటు తాము తీసుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. డాబా వాళ్లది, ఎండ దేవుడిది.

వ్యవసాయం సంగతి ఇంకో రకం. మా నాన్న రోజుల్లో పొలానికి కరెంటు విడతలుగా ఇచ్చేవారు, అందులో ఒక విడత రాత్రే. 2004లో ఉచితమైంది కానీ రాత్రి వంతు పోలేదు. నాన్న టార్చిలైటు, కర్ర పట్టుకుని ఒంటిగంటకు లేచి వెళ్తుంటే అమ్మ తిరిగి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేది. పాము కాటుకు, తడి స్టార్టరుకు మా చుట్టుపక్కల ఎంతమంది పోయారో లెక్క పెట్టాలంటే నాకే భయం. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలు ఇస్తున్నారు. అప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పాల్సి వచ్చింది. కరెంటు ఉంటే చాలు మోటరు తనే మొదలై రాత్రంతా పోస్తుంది, భూమిలో నీళ్లు అయిపోతాయి. ఇప్పుడు పగటి సోలార్ ఇంత వస్తుంటే, బోరు మోటర్లు పగలే నడిపించుకోవడానికి మించిన బ్యాటరీ లేదు. మడిలో నిలిచిన నీళ్లే బ్యాటరీ. యాసంగి వరికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీళ్లు ఎక్కువ కావాలి, అప్పుడే ఎండ కూడా బలంగా ఉంటుంది. 2025 మార్చిలో రాష్ట్రంలో డిమాండు 17 వేల మెగావాట్లు దాటిందంటే అందులో పెద్ద వాటా ఈ మోటర్లదే.

బొగ్గు పోయి సోలార్ వచ్చేస్తుందనేవాళ్లకు చిన్న లెక్క. రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు నడుస్తోంది. చూశాను, చూడముచ్చటగా ఉంటుంది, అయిదు వందల ఎకరాల నీటి మీద పరిచిన చాపలా. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా రామడుగు దగ్గర భూగర్భంలో పెట్టిన పంపుల్లో ఒక్కొక్కటి 139 మెగావాట్లు. ఆ చాప మొత్తం మిట్టమధ్యాహ్నం పని చేసినా ఒక్క పంపు తిరగదు. అదే రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత థర్మల్ స్టేషన్‌ను 2024లో మూసేశారు. గోదావరిఖనిలో మా బావమరిది ఉంటాడు, సింగరేణి ఉద్యోగం. "బావా, గనిలో వందల మందిమి దిగుతాం, సోలార్ ప్లాంటుకు ఇద్దరు కాపలావాళ్లు, ఒక నీళ్ల పైపు చాలు" అంటాడు. అతనికి నా దగ్గర జవాబు లేదు.

ఊళ్లవాళ్లకు ఈ విషయంలో ఏమైనా చేతిలో ఉంటుందా అంటే, సిరిసిల్ల వైపు చూడండి. అక్కడ 1970 నుంచి కరెంటు పంపిణీ సహకార సంఘం చేతిలో ఉంది, సెస్ అంటారు. కరెంటు టోకున కొని మరమగ్గాలకు, బోర్లకు, ఇళ్లకు వాళ్లే పంచుతారు. పాలకవర్గానికి ఓట్లు వేసి ఎన్నుకుంటారు. మా చెల్లెలు అత్తవారి ఊరు అక్కడే. 2022 డిసెంబరు ఎన్నికలప్పుడు వెళితే ఊరంతా అసెంబ్లీ ఎన్నికల్లా గోడలకు పోస్టర్లు! నవ్వాను అప్పుడు. ఇప్పుడు నవ్వను. ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఓటు అడిగేవాడు ఉన్నాడంటే ట్రాన్స్‌ఫార్మర్ గురించి తిట్లు తినేవాడు కూడా ఉన్నాడన్నమాట.

సోలార్ పెట్టుకోవద్దని నేను అనడం లేదు, పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు కూడా దీపాలు, ఫ్యాన్లు కావాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ అడగండి. కరెంటు పోగానే అది మీ ఇంటిని లైను నుంచి వేరు చేసి లోపలికి మాత్రమే ఇస్తుందా అని కాగితం మీద రాయించుకోండి. కోతుల సంగతి కూడా అడగండి, ఎవరూ చెప్పరు. మా డాబా మీద ఒక మంద రోజూ ప్యానెళ్ల మీద జారుడుబండ ఆడుతుంది, వైర్లు లాగుతుంది. నేను ఇనుప వల వేయించాను, దానికి రాయితీ లేదు.

ఆ రోజు సాయంత్రం ఆరుంబావుకు లైను చార్జ్ చేశారు. వీధి దీపాలు వెలిగాయి, ఎర్ర దీపం పచ్చబడింది, అప్పటికి ఎండ లేదు. అవ్వ మూటే ముందు గిర్నిలో పోశాను, డబ్బు తీసుకోలేదు. లైన్‌మన్ టీ తాగుతూ నిద్రగన్నేరు రెండో కొమ్మ వైపు చూశాడు, ఏమీ అనలేదు. "తమ్ముడూ, రేపు ఎల్‌సీ ఎన్ని గంటలకు తీసుకుంటావు?" అని నేనే అడిగాను.