టిప్స్ పెరగాలంటే అమ్మాయి ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్. సాయంత్రాలు ఒక యాప్‌లో ఫోన్ కాల్స్ మాట్లాడుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లు నిమిషానికింత అని కట్టి కబుర్లు చెప్పుకుంటారు. నిమిషాల డబ్బు తక్కువ, టిప్స్ వస్తేనే ఏదైనా మిగిలేది. నేనూ రోజూ ఎంత వచ్చిందో అడుగుతుంటాను. టిప్స్ పెంచుకునే దారి చెప్పండి. ఇదే కొనసాగించాలా, కస్టమర్ కేర్ ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పైకి అడిగేది డబ్బు గురించే అయినా లోపలి భయం ఒకటే: ఇది పరువైన పనేనా, పిల్ల ఎటైనా చిక్కుకుంటుందా అని. అవతలి మనిషి చెప్పేది ఓపిగ్గా విని డబ్బు తీసుకోవడంలో తప్పేమీ లేదు. అది చాలామందికి చేతకాదు. మీ అమ్మాయికి చేతనైంది కాబట్టే అడగకుండానే ఇస్తున్నారు.

శ్రద్ధగా విన్నారని తెలిస్తే మనుషులకు ఇవ్వాలనిపిస్తుంది. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక రెస్టారెంట్‌లో ప్రయోగం చేశారు. కస్టమర్ చెప్పిన ఆర్డర్‌ను అతని మాటల్లోనే తిరిగి చెప్పినప్పుడు వెయిట్రెస్‌కు టిప్ ఎక్కువ వచ్చింది. ఫోన్‌లో మొహం కనిపించదు కాబట్టి ఇది ఇంకా అవసరం. కాల్ అయ్యాక రెండు ముక్కలు రాసిపెట్టుకుని, మళ్లీ చేసినప్పుడు "ఇంటర్వ్యూ ఉందన్నారు, ఎలా జరిగింది?" అని అడగమనండి. టిప్ సంగతి ఎత్తాలనుకుంటే కాల్ చివర్లో, ఒక్కసారే. చిన్న మొత్తానికైనా మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పాలి. లేని కష్టాలు చెప్పి జాలి పుట్టించడం మాత్రం వద్దేవద్దు.

ఇక నా అనుమానాలు. "మాట్లాడుతూ సంపాదించండి" అనే ప్రకటనలు చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. కాల్ సాగేకొద్దీ డబ్బు వచ్చే పనిలో, ఒంటరి మనిషిని ఇంకాసేపు పట్టి ఉంచాలనే ఆశ పుడుతుంది. పెద్ద టిప్ ఇచ్చినవాడు కొన్నాళ్లకు సొంత నంబర్ అడుగుతాడు, ఫోటో అడుగుతాడు. ఆదాయంలో సగం అతని దగ్గర్నుంచే వస్తుంటే కాదనడం కష్టం. "పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగి పంపు" అనే మోసగాళ్లూ ఉంటారు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం యాప్‌లోనే జరగాలి, ఇంటి వివరాలు చెప్పకూడదు, అసభ్యంగా మాట్లాడితే ఎంత ఇచ్చేవాడైనా కాల్ కట్ చేసి బ్లాక్ చేయాలి. మనసు బాగోకపోయినా గొంతులో నవ్వు తెచ్చుకునే ఈ శ్రమకు సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే ఎమోషనల్ లేబర్ అని పేరు పెట్టారు. ఆ అలసట పైకి కనిపించదు.

అందుకే మిమ్మల్ని కాస్త గట్టిగానే అంటున్నాను. రోజూ "ఎంత వచ్చింది?" అని మీరే అడుగుతుంటే, కట్ చేయాల్సిన కాల్‌ను ఆ పిల్ల ఎలా కట్ చేస్తుంది? టిప్స్ నమ్ముకుని ఇంటి ఖర్చులు లెక్కేసుకోకండి. "ఎవరైనా ఇబ్బంది పెట్టారా?" అని అడగండి, చెప్పినప్పుడు తిట్టకండి.

కస్టమర్ కేర్‌లో నెల జీతం, ట్రైనింగ్, అనుభవానికి కాగితం ఉంటాయి. స్వేచ్ఛ తక్కువ, షిఫ్టులు కష్టం. మొదటి ఉద్యోగంగా నేను దానికే మొగ్గుతాను. వినే గుణం హెచ్‌ఆర్‌లోనూ పనికొస్తుంది, సైకాలజీ చదివితే కౌన్సెలింగ్‌లోనూ పనికొస్తుంది కాబట్టి ఈ సాయంత్రాలు వృథా పోవు. పరీక్షలయ్యేదాకా కాల్స్ తగ్గించుకుని, అప్లికేషన్లు ఇప్పటినుంచే పెట్టమనండి. ఆఫర్ చేతికొచ్చాక ఏది ఉంచుకోవాలో తననే తేల్చుకోనివ్వండి.