పాత బొమ్మ, కొత్త పెన్ను

ప్రశ్న: 2016లో పదో తరగతి చదువుతున్నప్పుడు లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీల నిండా ఓ అల్లరి పిల్ల క్యారెక్టర్‌ని పెన్సిల్‌తో గీసేదాన్ని. ఈమధ్యే పెన్ టాబ్లెట్ కొన్నాను. అదే పిల్లను మళ్లీ గీసి, నా బొమ్మ ఎంత మెరుగుపడిందో చూడాలని ఉంది. పాత బొమ్మను కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి? ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: స్కానింగ్ యాప్ జోలికి వెళ్లకండి. కాగితాన్ని తెల్లగా చూపించే తొందరలో అవి పలుచటి పెన్సిల్ గీతల్ని, రబ్బరు మరకల్ని కూడా తుడిచేస్తుంటాయి. మీరు చూడాలనుకుంటున్నది ఆ మరకల్నే కదా! పగటిపూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట పేజీ పరిచి, సరిగ్గా పైనుంచి మామూలు కెమెరాతో ఫొటో తీయండి. వాట్సాప్‌లో పంపుకునేట్టయితే డాక్యుమెంట్‌గా పంపుకోండి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్‌కి క్రిటా చాలు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ క్రిటా సైట్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. కాన్వాస్ 2480 × 3508 పిక్సెల్స్ పెట్టుకోండి. 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) ఏ4 కాగితం అంతే. పాత ఫొటోను రిఫరెన్స్ ఇమేజెస్ టూల్‌తో పక్కన పెట్టుకోండి. కింద లేయర్‌గా (పొరగా) వేసి దాని మీద దిద్దారా, పెద్ద తల, వీపు వెనక దాచేసిన చేతులు (అందరం చేసిందే!) మళ్లీ అలాగే వచ్చి కూర్చుంటాయి.

అసలు చిక్కు వేరే ఉంది. బ్రష్ స్మూతింగ్‌లో స్టెబిలైజర్ ఎంచుకుంటే వణికే గీత కూడా నున్నగా వస్తుంది. అప్పుడు మెరుగుపడింది మీ చెయ్యో, సాఫ్ట్‌వేరో ఎలా తెలుస్తుంది? టూల్ ఆప్షన్స్‌లో దాన్ని ‘నన్’కి మార్చండి. ఇంకా నన్నడిగితే, ముందు అలాంటి రూళ్ల కాగితం మీదే పెన్సిల్‌తో ఒకసారి గీయండి, ఆ తర్వాతే టాబ్లెట్ పట్టుకోండి. మూడు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఏ తేడా చేతిది, ఏ తేడా పరికరానిదో విడిగా కనిపిస్తుంది. గీస్తూ మధ్యమధ్యలో కీబోర్డు మీద ‘ఎం’ నొక్కండి. కాన్వాస్ అద్దంలోలా తిరగబడి, ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ ఉంటే వెంటనే దొరికిపోతుంది.

గీసేది వీడియోగా కావాలంటే సెట్టింగ్స్ మెనూలో డాకర్స్ కింద రికార్డర్ ఉంది. మొదటి గీతకు ముందే ఆన్ చేయాలి. అయ్యాక ఫైల్‌ని లేయర్లు విడివిడిగా ఉండే క్రిటా సొంత ఫార్మాట్ కేఆర్ఏగా కూడా సేవ్ చేయండి. నేను ఒకప్పుడు జేపెగ్ ఒక్కటే ఉంచుకుని లేయర్లన్నీ పోగొట్టుకున్నాను.

ప్రశ్న: పెన్నును ఎంత నొక్కినా గీత ఒకే మందంలో వస్తోంది. టాబ్లెట్ పాడైందా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: అప్పుడే టెన్షన్ పడకండి. ముందు టాబ్లెట్ డ్రైవర్ వేశారో లేదో చూడండి. విండోస్ వాడుతుంటే క్రిటా టాబ్లెట్ సెట్టింగ్స్‌లో పెన్ను సంకేతాల్ని అందుకునే పద్ధతులు విన్‌టాబ్, విండోస్ ఇంక్ అని రెండుంటాయి. ఇప్పుడున్నది తీసి రెండోది ఎంచుకుని, క్రిటాను మూసి మళ్లీ తెరవండి.