రోజుకో బ్లూ స్క్రీన్: తప్పు ర్యామ్‌దా, బోర్డుదా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. విశాఖ గాజువాకలో చిన్న ఆఫీసు, మూడో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్‌తో వచ్చిన చౌక మదర్‌బోర్డు. రోజుకు రెండు మూడుసార్లు బ్లూ స్క్రీన్, అంటే విండోస్ ఉన్నట్టుండి ఆగిపోయి నీలం తెర మీద ఒక తప్పు కోడ్ చూపించడం, ప్రతిసారీ వేరే కోడ్. విండోస్ రెండుసార్లు వేయించారు, ర్యామ్ కొత్తది కొన్నారు, అయినా అదే తంతు. ఇప్పుడు షాపతను ఇంకోసారి ఫార్మాట్ కొడదాం అంటున్నాడు, కొట్టించాలా వద్దా అని అడుగుతున్నారు.

వద్దండి. సరిగ్గా ఇదే అవస్థ మేం 2023 వేసవిలో రెండు నెలలు పడ్డాం. మాది చినవాల్తేరులో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసు, బీచ్ రోడ్డుకు నడిచి వెళ్లేంత దూరం. 20వ తేదీ, 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరు రోజు, మా అకౌంటెంట్ గారు పది పార్టీల లెక్కలు ముందు పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నంలోపు మూడుసార్లు పోయింది సిస్టమ్. మూడోసారి లేచాక ట్యాలీలో ఒక కంపెనీ డేటా తెరుచుకోనే లేదు, ముందురోజు బ్యాకప్ నుంచి తెచ్చుకుని ఆవిడ ఆ రోజు ఎంట్రీలన్నీ రాత్రి తొమ్మిదింటిదాకా మళ్లీ కొట్టారు. అందుకే మొదటి మాట: ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసి, ఆ పెన్‌డ్రైవ్ పీకి పక్కన పెట్టండి. మిగతావన్నీ తర్వాత.

మేమూ మీలాగే రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాం. కొట్టిన ప్రతిసారీ ప్రింటర్ డ్రైవర్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ట్యాలీ అన్నీ మళ్లీ వేసుకోవడానికి ఒక రోజు పోతుంది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ బ్లూ స్క్రీన్. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఒకసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అంటుంది, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ అంటుంది. ఏదో ఒక డ్రైవర్ చెడితే మామూలుగా అదే కోడో, అదే ఫైలు పేరో మళ్లీ మళ్లీ వస్తుంది. ఇలా కోడు మారుతూ, కొత్తగా వేసిన విండోస్‌లో కూడా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది హార్డ్‌వేర్‌నే.

కోడు చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్లి ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే టిక్ తీసేయండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఈవెంట్ వ్యూయర్ ఉంటుంది, అందులో కెర్నెల్-పవర్ 41 అని ఎర్రగా కనబడితే కంగారు పడకండి. దాని అర్థం సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని, అంతే, కారణం అది చెప్పదు. కానీ దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాకుండానే పోయిందన్నమాట, అప్పుడు కరెంటు వైపు ముందు చూడాలి. సున్నా కాకపోతే బ్లూ స్క్రీన్ వచ్చి పోయినట్టు.

ఇంకో పని, ఇది పైసా ఖర్చు లేనిది. సిస్టమ్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, పోయినప్పుడల్లా టైము, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏసీ ఉందా లేదా రాయించండి. మా అకౌంటెంట్ గారు రెండు వారాలు ఓపిగ్గా రాశారు. చూస్తే దాదాపు అన్నీ 12 నుంచి 4 మధ్యే, ఏసీ ఆపిన రోజుల్లో మరీ ఎక్కువ. పొద్దున తొమ్మిదింటికి ఒక్కసారి కూడా పోలేదు. వేడికీ దీనికీ సంబంధం ఉందని మాకు మొదట చెప్పింది ఆ నోట్‌బుక్కే.

యూపీఎస్, ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల అన్ని భాగాలకూ కరెంటు ఇచ్చే డబ్బా) ముందు తేల్చేయండి. ఒక రోజు యూపీఎస్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి నడపండి. తర్వాత పక్క సిస్టమ్‌లోని మంచి ఎస్ఎంపీఎస్ తెచ్చి రెండు రోజులు వాడండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద రాసిన వాట్లను నేను నమ్మను. అది ఇచ్చే 12 వోల్టుల లైను 11.4కి తగ్గకూడదు, 12.6 దాటకూడదు. మాకు ఎస్ఎంపీఎస్ మార్చినా తేడా రాలేదు.

అసలు విషయం ర్యామ్ దగ్గర తేలింది. కొత్త ర్యామ్ కొన్నాం కాబట్టి ర్యామ్ తప్పు కాదు అని మీరు అనుకుంటున్నారు, మేమూ అక్కడే ఆగిపోయాం. మెమ్‌టెస్ట్86 ప్లస్ అని ఉచితంగా దొరుకుతుంది, పాత బయాస్ ఉన్న బోర్డుల మీద కూడా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతోనే బూట్ చేసి రాత్రంతా వదిలేయండి, తప్పులుంటే ఎర్రగా చూపిస్తుంది. అయితే రెండు ర్యామ్‌లూ ఒకేసారి పెట్టి టెస్ట్ చేస్తే ఎర్రగీతలు వస్తాయి గానీ ఎవరిది తప్పో తెలియదు. ఒక్క ర్యామే బోర్డు మీద ర్యామ్ గుచ్చే మొదటి స్లాట్‌లో పెట్టి ఒక రాత్రి, అదే ర్యామ్ రెండో స్లాట్‌లో ఒక రాత్రి, తర్వాత రెండో ర్యామ్‌తో అదే వరస. నాలుగు రాత్రులు. మా దాంట్లో మొదటి స్లాట్‌లో రెండు ర్యామ్‌లూ శుభ్రంగా పాసయ్యాయి, రెండో స్లాట్‌లో రెండూ ఫెయిలయ్యాయి. ర్యామ్‌తో పాటు తప్పు కదిలితే ర్యామ్‌ది, స్లాట్ దగ్గరే ఉండిపోతే ర్యామ్‌ది కాదు. మేం కొన్న కొత్త ర్యామ్ డబ్బు అనవసరంగా పోయిందని అప్పుడు తెలిసింది. మీరు ఇంకేదైనా కొనే ముందు ఈ నాలుగు రాత్రులు కేటాయించండి, బతిమాలి చెబుతున్నా.

తర్వాత ప్లగ్ పీకి క్యాబినెట్ విప్పాను. వెనక స్క్రూలు తుప్పు పట్టి ఒకటి తల అరిగిపోయింది. మన ఊళ్లో సముద్రం దగ్గర కిటికీ ఊచలకు ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఆ ఉప్పు గాలే కిటికీ పక్కన పెట్టిన క్యాబినెట్‌లోకీ పోతుంది. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే రెండో స్లాట్ అడుగున కొన్ని కాంటాక్టుల మీద పచ్చటి మచ్చ. ఇంకా ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడ్డ కెపాసిటర్లలో రెండింటి తల పైకి ఉబ్బి ఉంది, ఒకదాని మీద ఎండిన బెల్లం పాకంలా గోధుమరంగు పెచ్చు. మంచి కెపాసిటర్ తల బల్లపరుపుగా ఉంటుంది, వేలితో తడిమినా తేడా తెలుస్తుంది. 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చుట్టుపక్కలకు దించేటప్పుడు ఆ కరెంటును నిలకడగా ఉంచేవి ఇవే. చౌక బోర్డుల్లో ఈ వోల్టేజీ దించే భాగం మీద వేడిని లాగేసే హీట్‌సింకే ఉండదు, వేడంతా వీటికే తగులుతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. మధ్యాహ్నాలే ఎందుకు పోతోందో అప్పుడు అర్థమైంది.

స్లాట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాం, మూడు వారాలు బాగుంది, మళ్లీ మొదలైంది. ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది కాబట్టి బోర్డే అని తీర్మానించే ముందు ప్రాసెసర్‌ను కూడా ఒకసారి తేల్చాలి. ద్వారకానగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గర మా ప్రాసెసర్, మా రెండు ర్యామ్‌లూ వేరే బోర్డులో పెట్టి ఒక రాత్రంతా టెస్ట్ నడిపించాం. ఒక్క తప్పు రాలేదు. తప్పు బోర్డుదేనని తేలింది.

కెపాసిటర్లు మార్పించి మళ్లీ వాడదామా అంటే, నా అభిప్రాయంలో ఆఫీసు పనికి వద్దు. స్లాట్ ఎలాగూ పోయింది, పైగా మూడో తరం ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అలాంటి సిస్టమ్‌కు ఇంకో హెచ్61 బోర్డు కొనడం డబ్బు వృథా. కొత్త సిస్టమ్ కొనేదాకా నడవాలంటే పాసైన స్లాట్‌లో ఒక్క ర్యామే ఉంచి, క్యాబినెట్‌ను కిటికీకి దూరంగా జరిపి, రోజూ బ్యాకప్ తీస్తూ నెట్టుకురండి. మేం అలాగే రెండు నెలల రిటర్నులు వేశాం, రెండుసార్లే ఆగింది. తర్వాత వోల్టేజీ దించే భాగం మీద హీట్‌సింక్ ఉన్న బోర్డు, విడిగా కొన్న ఎస్ఎంపీఎస్ పెట్టి కొత్త సిస్టమ్ కట్టించుకున్నాం. మా అకౌంటెంట్ గారి నోట్‌బుక్ ఇంకా దాని పక్కనే ఉంది. కొత్తది వచ్చాక అందులో ఒక్క గీతా పడలేదు.