టర్బోకి భయపడకు, డిప్‌స్టిక్ తీసి చూడు

బుజ్జమ్మా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి మీ పెద్దమ్మ మిక్సీ వేసింది, ఒక్క ముక్క వినపడలేదు. రెండోసారికి అర్థమైంది ఏమిటంటే, విశాఖలో చూసిన ఆ 2021 టర్బో పెట్రోల్ బండి నీకు బాగా నచ్చేసింది, కానీ ఆఫీసులో ఎవరో "టర్బోనా, ఎనభై వేల కిలోమీటర్లు దాటితే ఇంజను గోవిందా" అనేసరికి నీకు టెన్షన్ పట్టుకుంది. విజయనగరంలో ఉన్న 2020 మారుతి బ్రెజా, టర్బో లేని పెట్రోల్‌ది, 61,000 తిరిగింది, దాని వైపు మనసు పోవట్లేదు. ఇంతేగా?

ముందు ఆ ఆఫీసాయన సంగతి. ఆయన రోజూ ఎక్కే బొలేరోకీ, ఘాట్‌లో మన ముందు పాకుతూ పోయే లారీకీ టర్బో ఉంది. 2016లో వచ్చిన డీజిల్ బ్రెజాకీ ఉంది. డీజిల్‌కి ఉంటే ఎవరికీ పట్టదు, పెట్రోల్‌కి వచ్చేసరికి అదేదో బాంబులా మాట్లాడతారు. టర్బో అంటే ఏం లేదు, సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకి అవతల ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించొచ్చు, అందుకే 1000 సీసీ హ్యుందాయ్ వెన్యూ టర్బో లాగే బలం (టార్క్) 172 న్యూటన్ మీటర్లు, 1500 సీసీ ఉన్న ఆ పాత పెట్రోల్ బ్రెజా 138 దగ్గర ఆగిపోతుంది. పైగా టర్బోకి ఆ బలం ఇంజను నిమిషానికి 1500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేసరికే అందుతుంది, రెండోదానికి నాలుగు వేలు దాటాలి. సాలూరు నుంచి సుంకి ఎక్కేటప్పుడు, లారీని దాటడానికి రెండో గేరులో కాలు నొక్కినప్పుడు, ఆ తేడా నీ నడుముకే తెలుస్తుంది.

అయితే ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది, అదీ ఎర్రగా కాలే వేడి పక్కనే. దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ పాతదైనా, తక్కువైనా, రకం తప్పినా ముందు దెబ్బ తినేది అదే. మామూలు ఇంజను కొంత ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు.

నాకు తెలిసొచ్చింది చెప్తాను. రిటైరయ్యే ముందు ఒక సెకండ్ హ్యాండ్ టర్బో డీజిల్ కొన్నాను, ఏ కంపెనీదో ఇప్పుడెందుకులే. ప్లాంటు వర్క్‌షాపులో ఇరవై ఏళ్లు పనిచేసినవాడిని, నాకు ఒకడు చెప్పాలా అని పొగరు. ఘాట్ ఎక్కి పైకి రాగానే టీ కొట్టు దగ్గర ఆపడం, ఆపిన మరుక్షణం తాళం తిప్పేయడం అలవాటు. అంత ఎక్కుడు ఎక్కిన టర్బో లోపల నిప్పులా ఉంటుంది, ఇంజను ఆపగానే ఆయిల్ పారడం ఆగిపోతుంది, అక్కడ మిగిలిన ఆయిల్ మాడి బొగ్గు అవుతుంది. ఏడాదిన్నర అలా మాడ్చాను. ఒకరోజు పొట్టంగి దాటాక కుక్కర్ విజిల్ వచ్చే ముందు సన్నగా మూలుగుతుందే, అలాంటి చప్పుడు. అద్దంలో చూస్తే వెనక అంతా నీలం పొగ. కోరాపుట్‌లో మెకానిక్ గొట్టం ఊడదీసి లోపలి ఇరుసుని వేలితో అటూ ఇటూ కదిపాడు, గుడి గంట నాలుకలా ఊగింది. బిల్లు ఎంతో మీ పెద్దమ్మని అడుగు, ఆవిడకి రూపాయలతో సహా గుర్తుంది. ఘాట్ ఎక్కాక ఒక నిమిషం ఊరికే ఆన్‌లో ఉంచి ఆపితే పోయేదానికి.

నువ్వు కొనే బండిని ముందు తిప్పినవాడు నాలాంటివాడో కాదో మనం కనిపెట్టాలి. దానికి సర్వీసు పుస్తకం కావాలి. విశాఖ బండి 38,000 తిరిగింది అన్నావు, అంటే ఏడాదికి తొమ్మిది వేలు. వినడానికి ముచ్చటగా ఉంది కదా, నాకు మాత్రం అక్కడే అనుమానం. 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు రాస్తాయి. మనవాళ్లు ఆ రెండో మాట చదవరు. "పది వేలు ఎక్కడైంది" అంటూ ఏడాది దాటినా అదే ఆయిల్‌తో సిటీలో మూడేసి కిలోమీటర్లు తిప్పేవాళ్లు బోలెడుమంది. అలాంటి బండి కంటే ఏటా ఆయిల్ మారుస్తూ హైవే మీద 80,000 తిరిగిన టర్బో నాకు ముద్దు. షోరూమ్‌కి ఫోన్ చేసి నంబరు చెప్తే ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు అయిందో చెప్తారు, ఓనరు చేతే చేయించు. మీటరు తిప్పినా అక్కడే దొరికిపోతుంది.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే కాఫీ తాగి రెండు గంటలాగి మళ్లీ వెళ్లు. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే ఏం పొగ వస్తుందో చూడటమే అసలు పరీక్ష. డిప్‌స్టిక్, అదే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి తుడిచి మళ్లీ ముంచి చూడు. పెట్రోల్ బండి ఆయిల్ తారులా నల్లగా చిక్కగా ఉందంటే మార్చి చాన్నాళ్లయింది. అడుగు గీతకి కింద ఉంటే ఆ బండి ఆయిల్ తాగుతోంది, లేదా ఓనరుకి బుద్ధి లేదు, రెండూ మనకి పనికిరావు. ఆయిల్ పోసే మూత తిప్పి వెనక్కి చూడు, మీగడలా తెల్లటి తెట్టు బాగా పట్టి ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి. తర్వాత నాలుగైదు నిమిషాలు ఆన్‌లో వదిలేసి ఒక్కసారి గట్టిగా రేస్ ఇమ్మను, నీలం పొగ గుప్పున వస్తే నమస్కారం పెట్టి వచ్చేయి. టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం ఒక్కటి ఊడదీయించి లోపల వేలు పెట్టు. వేలికి జిడ్డు అంటితే కంగారు పడకు, అది మామూలే. ఆయిల్ కారితే మాత్రం కాదు. ఇంజను మరీ తళతళలాడుతూ కడిగేసి ఉందనుకో, ఎక్కడ కారుతోందో దాచారేమో అని నా చూపు అటే పోతుంది.

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2221 అంటే 2021లో 22వ వారం తయారైందని. 38,000 తిరిగిన బండికి నాలుగూ కొత్త టైర్లెందుకొచ్చాయో అడుగు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, లోపల బురద చార ఉంటే నీట మునిగిన బండి. 2018లో తిత్లీ తుఫాను తర్వాత అలాంటివి మన వైపు ఎన్ని వచ్చాయో నాకు తెలుసు.

డీజిల్ మాత్రం వద్దు. జయపురంలో ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు, నెలకోసారి అమ్మ దగ్గరికి సాలూరు. 2020 తర్వాతి బీఎస్6 డీజిల్‌కి మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది కాలి శుభ్రం కావాలంటే బండి ఓ పావుగంటైనా ఆగకుండా వేగంగా పోవాలి. నీ నాలుగు కిలోమీటర్లకి అది పూడుకుపోయి లైటు వెలుగుతుంది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్ (అదీ టర్బో పెట్రోలే) ఎవడైనా చవగ్గా ఇస్తానన్నా వద్దు, దాని టైమింగ్ బెల్టు ఆయిల్‌లో మునిగి తిరిగే రకం, పైగా మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ఆ కంపెనీ 2021లోనే ప్రకటించింది. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ కూడా వద్దు, ఘాట్‌లో లారీ వెనక అంగుళం అంగుళం పాకితే దాని క్లచ్ వేడెక్కిపోతుంది. మాన్యువల్ చాలు.

కాగితాల విషయం. ఆంధ్రా బండిని ఇక్కడ ఒడిశాలో పెట్టుకుని ఏడాది దాటితే నంబరు మార్చాల్సిందే, మన కోరాపుట్ జిల్లా ఓడీ 10 వేయించుకోవాలి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ ట్యాక్సు కట్టాలి. ఆ ఖర్చు బండి ధరలోంచి తగ్గించి బేరమాడు. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు క్లియరెన్స్ లేకుండా అడ్వాన్స్ ఒక్క రూపాయి ఇవ్వకు. ఆర్సీలో నువ్వు ఎన్నో ఓనరువో కూడా చూసుకో. 2023కి ముందు బండ్లు చాలావరకు ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకి చేసినవి కావు, మైలేజీ కాస్త తగ్గుతుంది. అది రెండు బండ్లకీ ఉన్నదే, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

నన్నడిగితే, విశాఖవాడి దగ్గర నాలుగేళ్ల సర్వీసు లెక్క ఏడాదికొకటి చొప్పున ఉంటే టర్బోనే తీసుకో, నీకు ఎలాగూ అదే ఇష్టం, ఘాట్‌లో సుఖం కూడా. నువ్వు మాత్రం కిలోమీటర్లు చూడకుండా తేదీ చూసి ఆయిల్ మార్పించాలి. ఒక్క ఏడాది లెక్క కనపడకపోయినా విజయనగరం బ్రెజా కొనుక్కో. ఎక్కుడులో కాస్త అరుస్తుంది, గేరు దించి నడుపు.

శనివారం నైట్ బస్సు ఎక్కుతాను, ఆదివారం పొద్దున్నే విశాఖలో కలుద్దాం. పాత గుడ్డలు రెండు తెచ్చుకో, డిప్‌స్టిక్ తుడవడానికి నీ చున్నీ అడగలేను. పదింటికి వస్తామని మాత్రం ఆ ఓనరుకి చెప్పు, మనం ఎనిమిదికే వెళ్దాం.

మీ పెదనాన్న
సిమిలిగుడ