సందేహాలు – సమాధానాలు: ‘నియంత్రణ’, ‘అణచివేత’ ఒకటేనా?

సందేహం: అయ్యా, నమస్కారం. కాలేజీలో వ్యాసరచన పోటీకి ‘1984’ నవల గురించి రాశాను. అందులో ‘ఆ రాజ్యంలో ప్రభుత్వ అణచివేత ఇంటి గోడల లోపలికి కూడా వచ్చింది’ అన్నాను. దిద్దినవారు ‘అణచివేత’ను ఎర్ర సిరాతో కొట్టేసి పైన ‘నియంత్రణ’ అని రాశారు. రెండింటికీ అర్థం ఒకటేనట, రెండోది మర్యాదగా ఉంటుందట. నిజంగా ఒకటేనా? ఇంకో సందేహం, ‘డిస్టోపియా’కు తెలుగులో ఏ మాట వాడాలి?
– తిరుపతి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

సమాధానం: ఒకటి కాదమ్మా. నీ వాక్యంలో నువ్వు రాసిన మాటే సరైనది.

ముందు ‘నియంత్రణ’ సంగతి చూద్దాం. దీని వెనక ఉన్నది సంస్కృతంలోని ‘యమ్’ ధాతువు. పట్టి ఉంచడం, నిలువరించడం దాని అర్థం. యంత్రం, నియమం, సంయమనం అన్నీ అక్కడ పుట్టినవే. ‘నియంత’ కూడా అంతే. ఇవాళ నియంత అంటే మనకు హిట్లర్ గుర్తొస్తాడు కానీ, అమరకోశం తీసి చూడు: ‘నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః’. నియంత అంటే రథం తోలేవాడు, అంతే. పగ్గాలు పట్టేవాడు లేకపోతే రథం ఎక్కలేం. కాబట్టి నియంత్రణ తనంతట తాను చెడ్డమాట కాదు. మన తిరుమల ఘాట్‌రోడ్డు మలుపుల్లో వేగ నియంత్రణ ఉండాలి, ధరల నియంత్రణ కావాలని మనమే ప్రభుత్వాన్ని అడుగుతాం. వాటిని ఎవరూ అణచివేత అనరు.

‘అణచివేత’ అచ్చతెలుగు మాట. దీని రుచి తెలియాలంటే ఒక జత చూడాలి: అణగు, అణచు. తెలుగులో ఇలాంటి జతలు చాలా ఉన్నాయి. పెరుగు–పెంచు, వంగు–వంచు, తెగు–తెంచు, మునుగు–ముంచు. మొదటిది దానంతట అది జరిగినట్టు చెబుతుంది. కొమ్మ వంగింది అంటే గాలికి వంగిందో, కాయల బరువుకు వంగిందో, అడగక్కరలేదు. కొమ్మ వంచారు అనగానే ‘ఎవరు?’ అన్న ప్రశ్న వచ్చేస్తుంది. వ్యాకరణంలో అకర్మకం, సకర్మకం అని నువ్వు పరీక్షకు చదువుకున్నది ఇదే. ‘అణచు’లో ఆ ‘చు’ ఉంది. అణచినవాడు ఒకడు, అణచబడినవాడు ఇంకొకడు లేకుండా ఆ మాట నిలబడదు.

పాత కావ్యాల్లో ఇవే ‘అడఁగు’, ‘అడఁచు’ అనే రూపాల్లో కనిపిస్తాయి. నగరి, సత్యవేడు వైపు తమిళం తెలిసినవాళ్లను అడుగు, ‘అడంగు’, ‘అడక్కు’ అని వాళ్లకూ ఇదే జత ఉంది. పీడించే పాలనను తమిళంలో ‘అడక్కుముఱై’ అంటారు. వినయానికి, ఒద్దికకు వాళ్ల మాట ‘అడక్కం’. వాళ్ల ప్రాచీన నీతిగ్రంథం తిరుక్కురళ్‌లో దానికి ఒక అధ్యాయమే ఉంది. మనకూ అంతే: ఒక పక్క అణచివేత, ఇంకో పక్క అణకువ. రెండూ ఒక తల్లి పిల్లలే. అణకువ మనిషి తనకు తాను తెచ్చుకునేది, అణచివేత ఇంకొకరు నెత్తిన పెట్టేది. అయితే ఈ రెండింటి మధ్య గీత చెరిగిపోయే చోట్లు ఉన్నాయి. అత్తారింటికి వెళ్లే పిల్లకు ‘అణిగిమణిగి ఉండు’ అని చెప్పే ఇళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి కదా. వినడానికి అది అణకువను మెచ్చుకున్నట్టే ఉంటుంది. ఆ పిల్లను అడిగితే ఇంకో మాట చెబుతుందేమో.

ఇప్పుడు నీ నవలకు వద్దాం. దాన్ని రాసిన జార్జ్ ఆర్వెల్ మన దేశంలోనే, బిహార్‌లోని మోతీహారిలో 1903లో పుట్టాడు. ఆ నవల 1949లో వచ్చింది. అందులో చాక్లెట్ రేషన్ ఘట్టం నీకు గుర్తుండే ఉంటుంది. రేషన్ను 30 గ్రాముల నుంచి 20 గ్రాములకు తగ్గిస్తారు. ఇక్కడిదాకా ‘నియంత్రణ’ అను, నేను ఒప్పుకుంటాను. సరుకు లేనప్పుడు ఏ ప్రభుత్వమైనా చేసే పనే. కానీ మర్నాడు టెలిస్క్రీన్‌లో, అంటే వార్తలు చెబుతూనే ఇంట్లోవాళ్లను కనిపెట్టే గోడ తెరలో, ఏం చెప్పారు? రేషన్ను వారానికి 20 గ్రాములకు ‘పెంచినందుకు’ జనం ఊరేగింపులు తీసి కృతజ్ఞతలు చెప్పారని. నిన్నటి 30 ఎవరికీ గుర్తుండకూడదు, గుర్తున్నా పైకి అనకూడదు. పాత పత్రికల్లో లెక్కలు మార్చే ఉద్యోగం కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్‌దే. ఈ రెండో రోజు జరిగింది అణచివేత. రెండు రోజుల లెక్కా అదే 20 గ్రాముల చాక్లెట్టు, కానీ నిన్నటి మాట నోట రానివ్వకపోవడం వేరే నేరం. దీన్నీ నియంత్రణ అనేస్తే, మొదటి రోజుకూ రెండో రోజుకూ తేడా చెప్పడానికి మన దగ్గర మాట మిగలదు.

ఆ నవలలోనే సైమ్ అనే ఉద్యోగి నిఘంటువు 11వ కూర్పు తయారుచేస్తుంటాడు. మాటలు చేర్చడం అతని పని కాదు, తీసేయడం. మాట లేకపోతే ఆ ఆలోచన రాదని అక్కడ పాలించే పార్టీ నమ్మకం. చిత్రహింసలు పెట్టే శాఖకు పేరు ప్రేమ మంత్రిత్వ శాఖ. నీ వ్యాసం దిద్దినవారికి అలాంటి ఉద్దేశం ఏమీ ఉండదు, మర్యాద కోసమే మార్చి ఉంటారు. కానీ ఈ నవల మీద రాసిన వ్యాసంలో ఈ మాటనే కొట్టేయడం నాకు బాధగా అనిపించింది. మర్యాద మనుషులకు ఇవ్వాలి, హింసకు ఎందుకివ్వాలి?

నవల చివరి వాక్యంలో విన్‌స్టన్ పెద్దన్నను, అంటే ఆ రాజ్యాధినేత ‘బిగ్ బ్రదర్’ను, ప్రేమిస్తాడు. అక్కడ పార్టీ గెలిచింది ఎందుకంటే, అణచివేతను అతనిలో అణకువగా మార్చగలిగింది. ఇంకెవరూ అతన్ని అణచనక్కరలేదు, అతనే అణిగిపోయాడు. ‘చు’ పోయి ‘గు’ వచ్చింది. నీ వ్యాసంలో ఈ మాట రాయవచ్చు, ఇంగ్లీషులో ఇంత తేలిగ్గా చెప్పడం కుదరదు.

ఇదే వరసలో ‘అణగారిన వర్గాలు’ అనే మాటను కూడా గమనించు. అది తప్పని అనను, గౌరవంగానే వాడుతున్నారు. కానీ అందులో కూడా ‘చు’ లేదు. వాళ్లంతట వాళ్లే అణగిపోయినట్టు ఉంటుంది. నేను రాసేటప్పుడు ‘అణచివేతకు గురైన’ అంటాను.

‘నిర్బంధం’ కూడా పరవాలేదు కానీ, దానికి రెండు ముఖాలున్నాయి. గృహ నిర్బంధం అంటాం, 2009 విద్యా హక్కు చట్టం గురించి చెబుతూ ఉచిత నిర్బంధ విద్య అనీ అంటాం. పక్కనున్న మాటను బట్టి అర్థం తేల్చుకోవాలి.

ఇక ‘డిస్టోపియా’. గ్రీకులో ‘డిస్’ అంటే చెడు, ‘టోపోస్’ అంటే చోటు. ఆ ‘డిస్’కు మన ‘దుస్, దుర్’ చుట్టమే. 1868లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ బ్రిటిష్ పార్లమెంటులో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఈ మాట వాడాడు. ‘దుర్లోకం’ అనవచ్చు, దుర్గతి, దుర్భిక్షం తెలిసినవాళ్లకు వెంటనే అందుతుంది. అయితే పోటీ టెన్షన్‌లో కొత్త మాట పుట్టించే పని పెట్టుకోకు. ‘డిస్టోపియా’ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ‘మనుషులు మనుషుల్లా బతకలేని ఊహాలోకం’ అని ఒక్క ముక్క చేర్చు చాలు.

చివరిగా నీ వాక్యంలో నేను ఒక్కటి దిద్దుతాను. అణచివేత ‘గోడల లోపలికి వచ్చింది’ అన్నావు. దానంతట అది రాలేదు కదా, ఆ టెలిస్క్రీన్‌ను ఎవరో తెచ్చి గోడకు బిగించారు. ‘ప్రభుత్వం అణచివేతను ఇంటి గోడల లోపలికి కూడా తెచ్చింది’ అని రాయి.