విదేశీయులకు పాఠం చెప్పే ఉద్యోగం అక్కడి విద్యార్థులకు ఇష్టమేనా?

ఇండోనేషియా యూనివర్సిటీ విద్యార్థులు తమ భాషను విదేశీయులకు నేర్పడాన్ని కెరీర్‌గా చూస్తారా అని అడిగారు. నేను ఇండోనేషియా ప్రభుత్వం విదేశీయులకిచ్చే దర్మసిస్వా స్కాలర్‌షిప్ మీద తూర్పు జావాలోని మలాంగ్‌లో ఏడాది పాటు ఆ భాష చదువుకున్నాను (పేరులో ఉన్నవి మన ధర్మం, శిష్యుడే). పాఠాలు లెక్చరర్లు చెప్పేవారు. సాయంత్రాలు మాతో మాట్లాడించేది మాత్రం అక్కడి డిగ్రీ విద్యార్థులే.

ఆసక్తి ఉంది. కాకపోతే చాలామందికి మొదట విదేశాల మీద ఆసక్తి. ఈ రంగాన్ని అక్కడ 'బిపా' అంటారు. ప్రభుత్వ భాషా సంస్థ బిపా టీచర్లను బయటి దేశాలకు పంపుతుంది. ఆ మాట వింటే చాలు, అందరి మొహాలూ వెలిగిపోయేవి.

మాలాంటివాళ్లు ఎదురుగా కూర్చున్నాకే అసలు సంగతి తెలుస్తుంది. నా ట్యూటర్ మూడో ఏడాది అమ్మాయి. 'బాచా' అంటే చదవడం, ముందు 'మె' చేరితే అది 'మెంబాచా' అవుతుంది. 'తులిస్' అంటే రాయడం, అది 'మెనులిస్' అవుతుంది. మరి ఇక్కడ 'త' ఏమైపోయిందని అడిగాను. "మెమాంగ్ బెగితు" అంది. అంటే 'అదంతే'! 'ఇల్లు' ఎందుకు 'ఇళ్లు' అయిందని అడిగితే మనమూ అదే అంటాం కదా. మర్నాడు కాగితం మీద రాసుకొచ్చింది: క, త, ప, సలతో మొదలైతే ఆ అక్షరం పోతుంది, దాని చోట ముక్కుతో పలికే అక్షరం వస్తుంది.

ఇంకోరోజు 'కితా', 'కామి' తేడాకు అరగంట పాఠం తయారు చేసుకొచ్చింది. పక్కనున్న పోలండ్ అబ్బాయి బుర్ర గోక్కుంటున్నాడు. నాకు నిమిషంలో అయిపోయింది: కితా అంటే మనం, కామి అంటే మేము. ఇది తెలుగులోనూ ఉందంటే నమ్మలేదు, రెండు మాటలూ తన నోట్‌బుక్‌లో రాయించుకుంది. ఆ నెల నుంచే ఆమె బిపా గురించి సీరియస్‌గా మాట్లాడటం మొదలుపెట్టింది.

అడ్డం పడేది డబ్బే. ట్యూటర్లకు గంటల లెక్కన ఇస్తారు. వచ్చే సెమిస్టర్‌కి ఎంతమంది విదేశీయులు వస్తారో ఎవరూ చెప్పలేరు. ఇంట్లోవాళ్లేమో గవర్నమెంటు టీచర్ పోస్టుకి పరీక్ష రాయమంటారు, మన డీఎస్సీ టెన్షన్ లాంటిదే. 2023 నవంబరులో యునెస్కో సర్వసభ్య సమావేశం ఇండోనేషియన్‌ను తన అధికార భాషల్లో చేర్చుకున్నప్పుడు మా పాత ట్యూటర్ల గ్రూపులో వారం రోజులు పండగే. గంట రేటు మాత్రం పెరగలేదట.

మాకున్న ఆరుగురు ట్యూటర్లలో ఇద్దరే ఇందులో మిగిలారు. నా ట్యూటర్ పగలు ఊళ్లో స్కూలు టీచరు. రాత్రిళ్లు జపాన్ వాళ్లకు ఆన్‌లైన్‌లో మెనులిస్, మెంబాచా చెబుతోంది.