అద్దె ఇంటికి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉందంటే

అమ్మాయీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అమలాపురం ఇల్లు ఏదో కంపెనీ వాళ్ళు స్టాఫ్ కోసం అద్దెకు అడిగారట, ముందు వాళ్ళ సేఫ్టీ ఆఫీసరు వచ్చి ఇల్లంతా చూస్తాడట. పెయింటర్‌కి అడ్వాన్సు కూడా ఇచ్చేశావని విన్నాను. అతణ్ణి కొన్నాళ్ళు ఆగమను. ఎన్నో ఇళ్ళకి వైరింగ్ చేయించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, రంగు వేసేశాక ఎక్కడ ఏం పాడైందో మనకే కనపడదు. రంగు చివరి పని.

ముందు మేస్త్రీని వెంటబెట్టుకుని స్లాబుల కింద తిరుగు. సముద్రం దగ్గర కాబట్టి మన కోనసీమలో ఉప్పు నీళ్ళతో, ఉప్పు ఇసకతో కట్టిన పాత ఇళ్ళు ఉన్నాయి. ఆ ఉప్పుకి స్లాబు లోపలి ఇనప ఊచలు తుప్పు పడతాయి, తుప్పు ఉబ్బి కాంక్రీటుని బయటికి తోస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే. బాత్‌రూమ్ పైకప్పు, సన్‌షేడ్లు, బాల్కనీ అంచులు చిన్న సుత్తితో తట్టించు. డొల్లగా పలికినచోట వదులుగా ఉన్నదంతా కొట్టేసి, ఊచల తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా మందు పూసి, అప్పుడు పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. పైపైన సిమెంటు పూస్తే మళ్ళీ ఊడుతుంది, ఈసారి ఎవరి నెత్తి మీదో. ఊచ బాగా సన్నబడిపోయి కనిపిస్తే మాత్రం మేస్త్రీ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాలి.

ఇక కరెంటు. డబ్బు తక్కువైతే మిగతావన్నీ తగ్గించుకో గానీ దీన్ని తగ్గించకు. మెయిన్ బోర్డులో ఎమ్‌సీబీలు, అదే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు, ఉన్నాయి కదా అంటావేమో. అవి వైర్లు కాలిపోకుండా కాపాడతాయి, మనిషిని కాదు. మనిషికి షాక్ తగిలితే లీకేజీ పసిగట్టి కరెంటు ఆపేది ఆర్‌సీసీబీ అనే స్విచ్చు. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కగానే స్విచ్చు పడిపోయి కరెంటు ఆగిపోవాలి. పెట్టిన వారంలోనే అది ఊరికే పడిపోతోందని ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి డైరెక్టుగా కలుపుతానంటే ఒప్పుకోకు. ఎక్కడో లీకేజీ ఉండబట్టే అది పడుతోంది. తడి గోడలోని పాత వైరో, గీజరో, మోటారో అయి ఉంటుంది. ఒక్కొక్కటీ విడదీసి వెతికించు.

ఎర్తింగ్, అదే లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు, దాని సంగతి నువ్వే దగ్గరుండి చూసుకో. పెరట్లో ఎర్త్ గొయ్యి ఉంది కదా అని వదిలేస్తారు. పైపు పైన క్లాంపు తుప్పు పట్టి వైరు ఊడిపోయి ఉంటే ఆ గొయ్యి ఉన్నా లేనట్టే. ఎర్త్ టెస్టరుతో రీడింగ్ తీయించి కాగితం మీద రాయించుకో, 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. ఇంకోమాట, మన నేల వానాకాలంలో తడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు రీడింగ్ బాగానే వస్తుంది. కాలవలకి నీళ్ళు ఆపేశాక మే నెలలో నేల ఎండినప్పుడు మళ్ళీ చూడాలి. అవసరమైతే బొగ్గు, ఉప్పు వేసి కొత్త గొయ్యి తీయించు.

డాబా మీద బట్టలారేసే ఇనప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టించు. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు ఒరిసి ఆ తీగకి కరెంటు పాకడం, తడి బట్టలు ఆరేస్తూ మనిషి పోవడం మన ఊళ్ళల్లో జరుగుతూనే ఉంది. ఆ తాడు ఖరీదెంతని! సర్వీసు వైరుకి కొబ్బరి మట్టలు తగులుతుంటే డిపార్ట్‌మెంటు వాళ్ళకి చెప్పి లైను ఆపించాకే కొట్టించు. గేటు మీదికి వాలిన కొబ్బరిచెట్లకి కాయల దింపు ఆలస్యం చేయకు, కింద కార్లు పెడతారు, మనుషులు నడుస్తారు.

గ్యాస్ విషయంలో ఆఫీసరు గట్టిగానే చూస్తాడు. 2014 జూన్‌లో మన నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఎంతమంది పోయారో ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. వంటగదిలో ఆరెంజ్ రంగు సురక్ష గొట్టం ఉండాలి, దాని మీద తేదీ చూడు, ఐదేళ్ళు దాటితే మార్చాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. అందుకని పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే సరిపోదు, గోడ అడుగున కూడా గాలి పోయే జాలీ ఉండాలి. లీకేజీకి ఫోన్ చేయాల్సిన నంబరు 1906 పెద్ద అంకెలతో రాసి గోడకి అంటించు. పౌడర్ సిలిండరు, అదే మంటలార్పేది, పొయ్యి పక్కన కాదు, గుమ్మం దగ్గర తగిలించు. పొయ్యి దగ్గర మంటొస్తే దాన్ని అందుకోవడమెలా?

పిట్టగోడ మీటరు ఎత్తుకి తగ్గితే పైన పైపు రైలింగ్ వేయించు. నూతికి ఇనప జాలీ, సంపుకి తాళం. పైన రేకుల షెడ్డు హుక్కులు ఒకసారి బిగించాలి, 1996 నవంబరు తుఫానుకి రేకులు ఎలా ఎగిరాయో మీ అమ్మనడుగు. కిటికీలన్నిటికీ గ్రిల్సే కాబట్టి మేడ మీద పడకగదుల్లో ఒక్కో కిటికీకైనా, మంటొస్తే బయటపడేలా, లోపలినుంచి తెరుచుకునే గ్రిల్ పెట్టించు. రాత్రి కొలాప్సిబుల్ గేటుకి తాళం వేస్తే తాళంచెవి లోపల అందరికీ తెలిసిన మేకుకి వేలాడాలి.

ఆఫీసరు వచ్చినరోజు ఇంట్లో నువ్వే ఉండు. రీడింగ్ కాగితం, బిల్లులు, స్లాబు రిపేరు ముందూ తరవాతా తీసిన ఫోటోలు ఒక ఫైల్లో పెట్టి ఇవ్వు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు, టెన్షన్ పడకు. ఏదైనా తప్పు పడితే వాదించకుండా రాతపూర్వకంగా ఇమ్మని అడుగు, గడువు కూడా రాయమను. వాళ్ళు రాకపోయినా, రేపు ఇంకెవరికి అద్దెకిచ్చినా ఈ పనులన్నీ చేయించాల్సినవే తల్లీ. అక్కడ పిల్లలు పడుకుంటారు.

ఎలక్ట్రీషియన్ ఏ రోజు వస్తాడో ముందురోజు చెప్పు. పొద్దున్న బస్సుకి వచ్చి నేను పక్కనుంటాను. ఆ పాత ఎర్త్ గొయ్యి మాత్రం నేను చూసేదాకా పూడ్చనివ్వకు.

మీ మావయ్య